గేటు దగ్గర విప్పిన కోటు

తిరుత్తణి,
11 నవంబర్ 2024.

ఇంద్రసేనన్నకు,

క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎడమ కాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. నిన్న లోపల కమ్మీ వేశారు. ఆస్పత్రి మంచం మీద పడుకునే రాస్తున్నాను.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నా ఫోన్ రోడ్డు మీదే నుజ్జయింది. అది ఉన్నా చేసేదాన్ని కాదు. నాలుగు మాటలు కాకముందే ‘సరే సరే, చూద్దాం’ అని పెట్టేస్తావు. కాగితాన్ని అట్లా పెట్టేయలేవు. తెలుగులో రాయడం కూడా కావాలనే. నీ ఆఫీసులో అందరికీ తమిళం వచ్చు, తెలుగు చదివేవాడివి నువ్వొక్కడివే. పెదనాన్న మనిద్దరినీ తిన్నె మీద కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలు ఇన్నాళ్లకు పనికొచ్చాయి. ఈ ఉత్తరం తెచ్చి ఇచ్చే నిత్య మా ప్యాకింగ్ సెక్షన్ పిల్లే. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. భయపడకు.

మొన్న వచ్చావు. కమలాపండ్లు పెట్టావు. ఐదు నిమిషాలున్నావు. నొప్పి ఎట్లా ఉందని అడగకముందే నువ్వడిగిన మాట ఏమిటి? “ఆ పొద్దు మీరిద్దరూ ఏం రంగు బట్టలు కట్టుకోనుంటిరి?” చేతిలో కాగితం, పెన్ను. నేను నీ చిన్నాన్న కూతుర్నన్న సంగతి ఆ ఐదు నిమిషాలూ నీకు గుర్తు లేదు.

నీ కాగితంలో పట్టనివి ఇక్కడ రాస్తున్నాను. నాలుగూ ముప్పావుకు ఊరు దాటాం. కంపెనీ బస్సు ఆగేది మా పోస్టాఫీసున్న కనకమ్మ సత్రం కూడలిలో. అక్కడికి మా ఊరి నుంచి మెయిన్ రోడ్డు వెంబడి మైలున్నర. ఒక్క లైటు లేదు. రాత్రంతా కురిసి రోడ్డు పక్క మట్టి బురదైపోయింది, అందుకే తారు అంచున నడిచాం. ముందు నేను, నాలుగడుగుల వెనక నాతోపాటే పనికి వచ్చే చెంచమ్మక్క. నాది నల్ల చుడీదారు, ఆమెది ముదురు నీలం చీర. అందులో తప్పేముంది? పనికిపోయే ఆడవాళ్లు మాసినా కనపడని రంగే కట్టుకుంటారు.

వెనక నుంచి బండి లైటు పడింది. మా నీడలు రోడ్డు మీద బారుగా సాగాయి. అంత వెలుతురు మా మీద పడింది కదా, బండివాడికి మేం కనబడ్డామనే అనుకున్నాను. తర్వాత చెంచమ్మక్క గొంతు విన్నాను. మాట కాదు, గొంతు మాత్రమే.

అది తిరుత్తణి మార్కెట్టుకు కూరగాయలు తెచ్చే వ్యాను. నడిపినాయన పేరు గోపాలన్. నన్నెత్తి తన బండిలోనే ఆస్పత్రికి తెచ్చాడు. దారంతా ఏడుస్తూనే ఉన్నాడు. “అమ్మా, సత్యంగా చెప్తాండాను. మీరు నాకు కనబళ్లేదు. ఆమెకు తగిలినాకనే మనిషని తెలిసె. ముందర ఏందో తళుక్కుమనె, తిప్పేసినా.” తళుక్కుమన్నది నా చేతిలోని స్టీలు క్యారియరు. అది మెరవబట్టి నేనున్నాను. చెంచమ్మక్క తన క్యారియరు గుడ్డసంచిలో పెట్టుకుంది. ఆమె లేదు.

నువ్వు రాసుకుపోయిన కాగితం ఎవరికోసం? అందులో ఏం రాశావు? జవాబు రాయి.

చందన


తిరువళ్లూరు,
18 నవంబర్ 2024.

చిరంజీవి చందనకు,

ఉత్తరం అందింది. నీ బాధ నాకు అర్థమవుతుంది. ఇలాంటప్పుడు ఆవేశం సహజం. కాలు నయమయ్యేదాకా మనసు ప్రశాంతంగా ఉంచుకో.

నేను రాసుకున్నది ఒక మామూలు ఫారం. మన కార్మికులకు ఎక్కడ ప్రమాదం జరిగినా సేఫ్టీ ఆఫీసరుగా నేను నింపాలి. సమయం, స్థలం, దుస్తుల రంగు, ఇవన్నీ అందులో గళ్లు. గడి ఖాళీగా వదిలేస్తే పైనుంచి తిరిగి వస్తుంది. అంతకుమించి ఏమీ లేదు.

జరిగింది కంపెనీ గేటుకు ఇరవై ఐదు కిలోమీటర్ల అవతల. చట్టప్రకారం మన పరిధిలోకి రాదు. అయినా మేనేజరు రాజ్‌మోహన్ గారితో మాట్లాడాను. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. నడవగలిగాక కూర్చుని చేసే పని ఇస్తామన్నారు.

ఒక్క మాట. యార్డులో వేసుకునే రిఫ్లెక్టర్ కోట్ల సంగతి ఎవరి దగ్గరా ఎత్తకు. పోలీసులు వచ్చినా, చెంచమ్మ ఇంటివాళ్లు వచ్చినా, ఆ విషయం నీకు తెలియదనే చెప్పు. నీ మంచికే చెబుతున్నాను. వచ్చే ఆదివారం వీలైతే వస్తాను.

ఆశీస్సులతో,
ఇంద్రసేన


కనకమ్మ సత్రం,
15 డిసెంబర్ 2024.

సేఫ్టీ ఆఫీసర్ గారికి,

నమస్కారం. మీరు ఆ ఆదివారం రాలేదు, తర్వాతి మూడు ఆదివారాలూ రాలేదు. మంచిదే అయింది. వచ్చి ఉంటే నేను మర్యాదగా కాఫీ పెట్టించి ఉండేదాన్ని.

నన్ను ఇంటికి తెచ్చి మూడు వారాలైంది. నిన్న చెంచమ్మక్క భర్త పెరుమాళ్ మామ మా వాకిట్లోకి వచ్చాడు. ఎన్నిసార్లు చెప్పినా కూర్చోలేదు. జేబులోంచి ఒక కాగితం తీసి నా మంచం మీద పరిచాడు. కంపెనీ వాళ్లు పోలీసులకిచ్చిన రిపోర్టు నకలు. అడుగున మీ సంతకం.

“ఈ కయ్యెళుత్తు మీ అన్నదేనా, పాపా?” అన్నాడు.

అవునన్నాను. ఇంకేం అనను? ఆ సంతకంలోని సున్నా కింద మీరు గీసే గీతను పదేళ్ల నుంచి చూస్తున్నాను.

తమిళంలో ఉన్న ఆ మాటలు మీకు తెలుగులో వినిపించాలని ఉంది. ‘మృతురాలు ముదురు రంగు దుస్తులు ధరించి రహదారిపై అజాగ్రత్తగా నడిచినందున ప్రమాదం జరిగినది. సంస్థ అందజేసిన భద్రతా దుస్తులను ఆమె వినియోగించలేదు.’

వినియోగించలేదు! ఈ మాట రాయడానికి చెయ్యెట్లా వచ్చింది మీకు?

పోయిన ఆగస్టులో మీరు మాకిచ్చిన ట్రైనింగు గుర్తు చేస్తాను. హాల్లో లైట్లన్నీ ఆర్పించారు. నల్లచొక్కాతో ఆ చివర నిలబడి, నిత్య చేతికి టార్చి ఇచ్చి, కంటి పక్కన పెట్టుకుని వెయ్యమన్నారు. మీరెక్కడున్నారో పోల్చలేకపోయాం. తర్వాత కోటు తొడుక్కున్నారు. నిత్య కెవ్వుమంది, పట్టీలు అంతగా భగ్గుమన్నాయి. “ఈ పట్టీ వెలుతురును ఎటుపడితే అటు చిమ్మదు. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో వాళ్ల కంటికే తిరిగి పంపిస్తుంది. అందుకే బండి నడిపేవాడికి అంత దూరం నుంచే కనబడతాం” అని చెప్పారు. “లైటు మన మీద పడింది కదా, మనం కనబడుతున్నాం అనుకోవద్దు. నల్లబట్ట వెలుతురును మింగేస్తుంది” అని కూడా చెప్పారు. చక్కగా చెప్పారు. బడిపిల్లలకు కూడా అర్థమయ్యేట్టు చెప్పారు.

అప్పుడు చెంచమ్మక్క లేచి నిలబడింది. “సారూ, ఈడ యార్డులో పగలుమాదిరి లైట్లుండాయి. మా ఊరి రోడ్డుకాడ ఒక్కటీ లేదు. ఈ కోటు ఇంటికి ఎత్తకపోతే పొద్దున ఏసుకోనొస్తాం కదా?” అని అడిగింది. హాలంతా నవ్వారు. మీరూ నవ్వారు.

రెండు నెలలకు మీ సంతకంతోనే నోటీసు వచ్చింది. కోట్లు కంపెనీ సొత్తు. షిఫ్టు అయ్యాక గేటు దగ్గర విప్పి మేకుకు తగిలించి పోవాలి. విప్పించింది మీరు. వేసుకోలేదని రాసింది మీరు. చచ్చిపోయిన మనిషి లేచి వచ్చి చెప్పదని ధైర్యం.

పెరుమాళ్ మామ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “సరి, వస్తాను పాపా” అని వెళ్లిపోయాడు. ఆయన తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది.

ఇట్లు,
మీ కంపెనీ ప్యాకింగ్ సెక్షన్ కార్మికురాలు
చందన


తిరువళ్లూరు,
22 డిసెంబర్ 2024.

చందనా,

నీ వెటకారం చదివాను. ఇక చాలించు.

ఆ ఉద్యోగం నీకెవరిప్పించారు? మీ ఆయనకు పని లేని రోజుల్లో రాజ్‌మోహన్ ముందు చేతులు కట్టుకుని నిలబడిందెవరు? ఇంట్లో కూర్చుని అన్నను ‘మీరు’ అని రాయడం నేర్చావు. బాగుంది.

నోటీసు నా సరదా కోసం రాశానా? అరవై కోట్లలో రెండు కనిపించలేదు. సామాను నా పేరు మీద ఉంది. “నీ మనుషులే దొంగతనం చేస్తుంటే నువ్వేం సేఫ్టీ చూస్తున్నావు?” అని అందరి ముందూ అడిగించుకున్నది నేను. పదిహేను రోజులు గేటు దగ్గర సంచులు వెతికించారు. చెంచమ్మ చీర కింద ఒకటి దొరికింది. సెక్యూరిటీవాళ్లు ఆమెను గంటసేపు కూర్చోబెట్టారు, పుస్తకంలో వేలిముద్ర తీసుకున్నారు. ఆమె పని పోకుండా ఆపింది ఎవరనుకున్నావు? నేనే. ఆ సంగతి నీకెవరూ చెప్పలేదు.

ఇక రిపోర్టు. ముందు వేరేగా రాశాను. రెండుసార్లు మార్చమన్నారు. మూడోసారి వాళ్లే టైపు చేసి తెచ్చారు, సంతకం పెట్టాను. నాకూ ఇల్లుంది, పిల్లలున్నారు.

రోడ్డుకు కుడిపక్కన, వచ్చే బండ్లకు ఎదురుగా నడవండని ఎన్నిసార్లు చెప్పాను? నడిచారా? మిగతా రెండు కోట్లూ తీసిన మహాతల్లులు ఎవరో ఇంతవరకు నోరు విప్పలేదు. వాళ్లు ఆ కోట్లు తియ్యకపోయి ఉంటే ఆ నోటీసే లేదు. వాళ్లను అడుగు ముందు. తర్వాత నన్నడుగు.

ఇంద్రసేన


కనకమ్మ సత్రం,
26 డిసెంబర్ 2024.

అన్నా,

అడగమన్నావు కదా. అడిగాను. ఆ రెండింటిలో ఒకటి తీసింది నేను.

సెప్టెంబరు మొదటి వారంలో తీశాను. కడుపు దగ్గర చుట్టుకుని పైన చున్నీ కప్పుకుని గేటు దాటాను. నీ చెల్లెలినని సెక్యూరిటీ వాళ్లు నా సంచి కూడా సరిగా చూడరు. ఇంట్లో వడ్లగాదె వెనక దాచాను.

ఆరు వారాలు రోజూ తెల్లవారకముందు దాన్నే వేసుకుని నడిచాను. చెంచమ్మక్కను ముందు నడిపించి నేను వెనక నడిచేదాన్ని, బండ్లు వెనక నుంచే కదా వస్తాయి. కుడిపక్క నడవమంటావు. ఆ పక్క ముళ్లకంపలు, కాలువ, అడుగు పెట్టే చోటు లేదు. నువ్వు కారులో పోయే దారి కాబట్టి నీకు తెలియదు. ఆ ఆరు వారాలూ బండ్లు ఎక్కడో దూరంగా ఉన్నప్పుడే పక్కకు జరిగి పోయేవి. ఒక బస్సు డ్రైవరు లైటు కూడా దించాడు. ‘మనల్ని కూడా మనుషులుగా చూస్తాండారే’ అని చెంచమ్మక్క నవ్వింది. కూడలికి చేరగానే కోటు మడిచి సంచిలో పెట్టుకునేదాన్ని.

“నాకూ ఒగటి కావాల. నా మనవరాలు ట్యూషన్ నుంచి చీకట్లో వస్తాది” అంది. ఎట్లా తియ్యాలో నేనే చెప్పాను. ఆమె నీ చెల్లెలు కాదు కదా, పట్టుబడింది.

ఆ సాయంత్రం గేటు దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టారు. బస్సులో నలభై మందిమి కిటికీల్లోంచి చూశాం. సెక్యూరిటీ అతను “ఇంకెవరు తీసినారు, చెప్పు” అని గద్దించాడు. “నాకు తెలీదు సామీ. నేనొగదాన్నే” అంది. నావైపు కన్నెత్తి కూడా చూడలేదు, చూస్తే దొరికిపోతానని. నేను కిటికీ అద్దం మూశాను.

మరునాటి నుంచి కోటు వేసుకోవడం మానేశాను. నీ నోటీసు చూసి భయం. నీ పరువు పోతుందని భయం, నా పని పోతుందని భయం.

నవంబరు ఆరున, బండి గుద్దిన ఆ పొద్దున, ఊరి చివర, ఆమె నాతో అన్న మాట రాస్తున్నాను. “ఆ కోటు తెచ్చుకోమే. నా పేరు ఎట్లాగూ పాయె, ఇంకెవురు ఏమంటారు? వాన బురదలో బండ్లోళ్లకు మనం కనబడం.” ఇల్లు అక్కడికి ఇరవై అడుగులు. “వద్దక్కా, మా అన్నకు తెలిస్తే ఊరుకోడు” అన్నాను. కోటు లేదు కాబట్టి ఎవరు ముందు, ఎవరు వెనక అని కూడా చూసుకోలేదు.

రోజూ రాత్రి ఆ ఇరవై అడుగులు నడుస్తున్నాను, విరిగిన కాలితోనే.

నన్ను దొంగ అని రాయి నీ పుస్తకంలో. పేరు, సెక్షను, అన్నీ నీకు తెలుసు. కానీ ఒకటి చెప్పు. ప్రాణం కాపాడేదాన్ని మనుషులు దొంగిలించాల్సి వచ్చిందంటే, దానికి తాళం వేసినవాణ్ణి ఏమంటారు?

చందన


తిరువళ్లూరు,
20 ఫిబ్రవరి 2025.

చందనా,

రెండు నెలలు జవాబు రాయలేదు. నాలుగైదు రాసి చించేశాను. అన్నిట్లోనూ నేనే మంచివాడిగా ఉన్నాను.

జనవరి చివర్లో ఒకరోజు మీ ఊరి వైపు వచ్చాను. నీకు చెప్పలేదు. కూడలిలో బండి పెట్టి, ఆఫీసుకు వేసుకునే నల్ల ప్యాంటు, నీలం చొక్కాతోనే మీ ఊరిదాకా నడిచి, అక్కడి నుంచి వెనక్కి తిరిగాను. పొద్దున ఐదు కాలేదు, మంచు కురుస్తోంది. కుడిపక్కే నడవాలని చూశాను. నువ్వు చెప్పినట్టే అక్కడ చోటు లేదు. ఎడమ అంచుకు వచ్చాను. సగం దూరం రాగానే వెనక నుంచి ఒక బస్సు వచ్చింది. నేను పక్కకు దూకి కంపల్లో పడ్డాను. అరచెయ్యి చీరుకుపోయింది. ఆ డ్రైవరు హారను కూడా కొట్టలేదు. కొట్టాలంటే అక్కడొక మనిషి ఉన్నట్టు తెలియాలి కదా. పన్నెండేళ్లుగా ఇదే పాఠం చెబుతున్నాను. లైటుకు వీపు పెట్టి నిలబడటం ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

చెంచమ్మ మాటకు నేను నవ్వానన్నావు. నవ్వాను. కానీ ఆ వారమే, చీకట్లో నడిచి వచ్చేవాళ్లకు ఇంటికి తీసుకెళ్లే కోట్లు ఇవ్వాలని రాసి పంపాను. అవసరం లేదని తిప్పి పంపారు. రెండోసారి రాయలేదు. ఇది గొప్పగా చెప్పుకోవడానికి రాయడం లేదు. ఏం చెయ్యాలో తెలిసీ మానేశాను. తెలియనివాడికంటే అది ఎక్కువ తప్పు.

ఈ నెల మూడున పోలీస్ స్టేషన్‌కు వెళ్లి రాతపూర్వకంగా ఇచ్చాను. కోట్లు గేటు దగ్గర విప్పించేవాళ్లమని, ఆమె వేసుకోలేదన్న మాట అబద్ధమని, నా మొదటి రిపోర్టు వేరని. నోటీసు నకలు జత చేశాను. ఒక నకలు రాజ్‌మోహన్ టేబులు మీద పెట్టాను. “ఇంద్రసేనా, నువ్వు కంపెనీ మనిషివా, ఊరి మనిషివా?” అన్నాడు. సేఫ్టీ నుంచి తీసేశారు. ఒకటో తేదీ నుంచి ఆత్తిపట్టు గోదాములో పని. వెళ్తాను.

నీ పేరు ఎక్కడా రాయలేదు. రాయను. అది నువ్వు చెప్పుకోవలసింది.

పెరుమాళ్ దగ్గరకు కూడా వెళ్లాను. ఆవుకు తవుడు కలుపుతున్నాడు. చెయ్యి ఆపలేదు. మొత్తం చెప్పాను. అంతా విని అన్నాడు: “పోలీసోళ్లకు చెప్పినావు, సరి. కంపెనీకి చెప్పినావు, సరి. నా పెండ్లాన్ని గేటుకాడ కూర్చోబెట్టి దొంగన్న పొద్దు బస్సులో నలభైమంది చూసిరి. వాళ్లకెవురు చెప్తారు, సారూ?”

తిరిగి వచ్చేశాను. దారంతా అదే మాట.

ఇంద్రసేన


కనకమ్మ సత్రం,
9 మార్చి 2025.

అన్నా,

నువ్వు చేసింది నిత్య వచ్చి చెప్పింది. నీ ఉత్తరంలో లేదు, తర్వాత జరిగింది కాబట్టి. దానికి మాటలు ఆగడం లేదు, మధ్యలో ఏడుపు కూడా.

ఫిబ్రవరి ఇరవై ఎనిమిది సాయంత్రం, కంపెనీలో నీ చివరి రోజు. బస్సు గేటు దగ్గర ఆగి ఉంటే నువ్వెక్కావట. డ్రైవరు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డావట. తమిళంలో మొదలుపెట్టి, మధ్యలోనే తెలుగులోకి వచ్చేశావట. “చెంచమ్మ దొంగ కాదు. ఆమె నన్నడిగింది, నేనియ్యలేదు. ఇయ్యాల్సింది ఇయ్యనోడు నేను. ఆ పొద్దు బెంచీ మీద కూర్చోవాల్సింది నేను” అన్నావట. దిగబోతుంటే వెనక సీటులోంచి ఒకామె, ‘ఇప్పుడు చెప్పి ఏం లాభం సార్?’ అందట. నువ్వు “ఏమీ లేదమ్మా” అని దిగిపోయావట.

సోమవారం షిఫ్టు విడిచాక గేటు దగ్గర ఒక్కరూ కోటు విప్పలేదు. సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెడితే నిత్య, “వెతుక్కో అన్నా. వేసుకోనే పోతాండాము, దాచుకోని కాదు” అందట. బస్సు గంట ఆలస్యమైంది. మేనేజరు దిగి వచ్చాడు, బెదిరించాడు, వెళ్లిపోయాడు. బుధవారానికి, కోట్లు ఇంటికి తీసుకెళ్లవచ్చని నోటీసు అంటించారు. ‘యాజమాన్యం దయతో’ అని రాశారట అందులో. ఆ ముక్క విన్నప్పుడు నా చేతిలో గ్లాసు ఉంది, గోడకేసి కొట్టాను. మా ఆయన పెంకులు ఏరాడు.

నేనూ చెప్పేశాను. ఊతకర్రతో పెరుమాళ్ మామ ఇంటికి వెళ్లి, కోటు నేను తీసిన సంగతి, అద్దం మూసిన సంగతి, ఇరవై అడుగుల సంగతి, అన్నీ చెప్పాను. “ఇంక నువ్వు మా గడప తొక్కొద్దు పాపా” అన్నాడు. తప్పు పట్టను. మనవరాలు యశస్విని మాత్రం వీధి మలుపుదాకా నా వెంట వచ్చి తిరిగి వెళ్లింది.

నీకు థ్యాంక్స్ చెప్పను. నువ్విప్పుడు రాసింది నవంబరులో రాయాల్సింది, ఇంటికి తీసుకెళ్లే కోట్లు ఆగస్టులోనే రెండోసారి అడగాల్సింది. నా కోపం తగ్గలేదు. నీ మీద తగ్గలేదు, నా మీద అసలే తగ్గలేదు. మొన్న ఆర్.కె.పేట రోడ్డులో ఇద్దరు ఆడవాళ్లు చీకట్లో నడిచిపోతుంటే ఆటోలోంచి చూశాను. దగ్గరికి వచ్చేదాకా వాళ్లు నాకూ కనబడలేదు. ఆటో ఆపించి అరిచాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

ఆత్తిపట్టులో గది దొరికిందా? వదిన, పిల్లలు తిరువళ్లూరులోనే ఉంటారా? ఆదివారం సెలవైతే రా. మా ఆయన నీతో మాట్లాడతాడు. నేను అన్నం పెడతాను. మాట్లాడతానో లేదో ఇప్పుడే చెప్పలేను.

చందన